ఎలుగెత్తిన ఎలుగుబంటి

నాలుగంగుళాల ఎలుగుబంటి బొమ్మ. కళ్ల చోట బూటు గుండీలు. పేరు ప్యాడీ ఓ సినమన్. 1937 నవంబరు 26న అమెరికా రేడియోల్లో మొదలై, ఆదివారాలు వదిలేసి రోజూ పావుగంట చొప్పున క్రిస్మస్ దాకా 26 భాగాలు నడిచిన ‘ది సినమన్ బేర్’ నాటకానికి కథానాయకుడు ఈ బొమ్మే. కథ పెద్దదేం కాదు. జూడీ, జిమ్మీ అనే కవలలు క్రిస్మస్ చెట్టు కొసన పెట్టే వెండి నక్షత్రం కోసం అటకెక్కుతారు. నక్షత్రం ఉండదు, ఎలుగుబంటి ఉంటుంది. ఎత్తుకుపోయింది అతుకుల బొంత డ్రాగన్ అని అదే చెబుతుంది. పిల్లలు కూడా బొమ్మంత చిన్నవాళ్లయిపోయి మేబీల్యాండ్ అనే లోకంలో ఆ దొంగ వెంట పడతారు.

డిసెంబరు వస్తే నేను రాత్రిపూట దీపం ఆర్పేసి దీన్ని వింటుంటాను. ఏడాది తిరిగేసరికి కథ సగం మరిచిపోతాను. రూట్ బీరు సముద్రం ముందా, మిఠాయి దొంగల ఓడ ముందా అంటే చెప్పలేను. మంత్రగత్తె ఏ భాగంలో వస్తుందో, రాక్షసుడు ఎందుకొచ్చాడో అన్నీ కలగాపులగం. డ్రాగన్ గొంతు మాత్రం చెవిలోంచి పోదు. వాడు దొంగ, దానికి తోడు పిరికివాడు. పట్టుబడగానే పశ్చాత్తాపంతో కరిగిపోయి, నక్షత్రం వెతకడానికి పిల్లలతో తనూ బయలుదేరతాడు. ఆ నక్షత్రం మళ్లీ కంటబడిందా, చెయ్యి ఆగదు. ఆ వేషం వేసిన జోసెఫ్ కెర్న్స్ గొంతులో బుసలు లేవు, మంటలు లేవు. ‘నన్నేం చెయ్యమంటారు, నా బుద్ధే అంత’ అన్నట్టుండే దిగులు ఉంది.

నన్ను పట్టుకున్న పనితనం అదే. ఇలాంటి రేడియో నాటకాల్లో మంచి నటులెవరూ జంతువులా అరవరు. అలసిపోయిన విల్లీ అనే కొంగ వేషం గేల్ గోర్డన్‌ది. కొంగ ఎలా కూస్తుందో ఆయన పట్టించుకోలేదు. అలసటని పట్టుకుని మాటలన్నీ దాని మీద నడిపించేశాడు. జంతువుకి మనిషి బుద్ధి ఒకటి అప్పగిస్తే చాలు. తోక, ముక్కు, రెక్కలు వినేవాళ్లే అతికించుకుంటారు. పంచతంత్రం విని పెరిగిన మనకిది కొత్త కాదు. కరటక దమనకులు నక్కలన్న సంగతి కథలో ఎన్నిసార్లు గుర్తొస్తుంది? కొలువులో పాత ఉద్యోగుల్లా మాట్లాడుకుంటారు వాళ్లు. చిన్నప్పుడు ఒక రేడియో పిల్లల నాటకంలో నాకు నక్క వేషం ఇచ్చారు. ఊళ పెట్టొద్దని, పక్కవాడి అప్పచ్చి ఎలా కాజేయాలా అని ఆలోచిస్తూ మాట్లాడమని నేర్పించారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి గార్ల బాలానందం కార్యక్రమం విన్నవాళ్లకి ఈ పద్ధతి అర్థమవుతుంది.

దీనికి లండన్‌లో ఒక ఎదురు సాక్ష్యం ఉంది. బీబీసీ పిల్లల కార్యక్రమంలో 1929 నుంచి వచ్చిన ‘టాయ్‌టౌన్’ నాటకాల్లో లారీ అనే గొర్రెపిల్ల నిజంగానే మే మే అంటుంది. ఆ గొంతు డెరెక్ మెకలక్‌ది. ఆ అరుపు నకలు కదా అని కొట్టిపారేయలేం. టాయ్‌టౌన్ మేయరుగారి ముందు నిలబడ్డ బెదురుగొడ్డు నోట ‘మ’ అక్షరం వణికితే అది గొర్రె కూతా, గుమాస్తా నత్తా? రెండూ ఒకటైపోయాయి. అంత కుదిరితే తప్ప అరుపుల జోలికి పోకపోవడమే మేలు.

రేడియోలో జంతువుకి ఖర్చు లేదంటారు. అదే 1937 డిసెంబరులో డిస్నీ ‘స్నో వైట్’ వచ్చింది. అందులో ఒక్క లేడిపిల్ల కదలాలన్నా బొమ్మ మీద బొమ్మ గీయాలి. ఇక్కడ మైకు, కుర్చీ చాలు. కానీ బొంత డ్రాగన్ ఒంటి మీది అతుకులు వినేవాడికి కనబడేదెలా? ‘అదిగో చూడు, ఎర్ర ముక్క, పక్కన పచ్చ ముక్క’ అని పిల్లల చేత వల్లింపజేస్తే నాటకం చాకలి పద్దులా తయారవుతుంది. గొప్పలు పోయే జంతువైతే తన వర్ణన తనే చెప్పుకుంటుంది. ప్యాడీకి అంత అతిశయం ఎందుకో ఇది తెలిశాక అర్థమైంది. రచయిత గ్లాన్‌విల్ హైష్ తెలివైనవాడు.

ఇంతకీ ‘ది సినమన్ బేర్’ జనానికి సగం సగమే గుర్తుండటానికి వినిపించిన తీరు కూడా కారణం. ఈ నాటకాన్ని రికార్డుల మీదికెక్కించి ఊరూరి స్టేషన్లకి అమ్మారు. ఒక్కో ఊళ్లో ఒక్కో పెద్ద దుకాణం ప్రాయోజకత్వం వహించేది. పోర్ట్‌లాండ్‌లో లిప్‌మన్స్ అనే దుకాణంలో ఎలుగుబంటి వేషగాడు పిల్లలకి బిస్కట్లు పంచేవాడు. ఇక ఆ పిల్లలకి గుర్తున్నది కథా, బిస్కట్టా? ఒక రోజు జ్వరమొస్తే ఒక భాగం పోతుంది. ఆ ఖాళీని పిల్లలు సొంత కథతో పూడ్చుకుంటారు. మరుసటేడు అవే రికార్డులు మళ్లీ తిరిగినా, వాళ్లు కట్టుకున్న ముక్క తేలిగ్గా ఊడదు. రికార్డుల పుణ్యాన ఇప్పుడు మొత్తం దొరుకుతోంది. ఏకబిగిన వింటే ఆరున్నర గంటలు. దయచేసి అలా వినకండి. రేపటిదాకా ఆగడం కూడా ఇందులో భాగమే.

క్రిస్మస్ ముందు రాత్రి పశువులకి మాటలొస్తాయని యూరప్ పల్లెల్లో పాత నమ్మకం. చాటుగా విన్నవాడికి మాత్రం కీడు. రైతు కొట్టం దగ్గర చెవి ఒగ్గితే, తన చావు గురించి ఎద్దులు చెప్పుకుంటున్న మాటలు వినబడ్డాయని కథలున్నాయి. ఆ చాటు వినికిడికి శిక్ష తీసేసి, సరదా మిగిల్చింది రేడియో.

26వ భాగం నాకంత నచ్చదు. నక్షత్రం చెట్టుకి చేరాలి, తప్పదు. కానీ అక్కడికొచ్చేసరికి అందరూ మంచివాళ్లయిపోతారు. శాంతాక్లాజ్ గొంతు కంటే డ్రాగన్ గొంతు ఇంకో పావుగంట వినిపిస్తే బాగుండేదని ప్రతి ఏడూ అనుకుంటాను.