దూర విమానయానం – మరచిపోయిన పళ్ళచక్రాలు

దూరప్రయాణం చేసే విమానాలను గురించి విద్యార్థుల కొరకు వ్రాసే వ్యాసాలలో ఒక లోపం తరచు కనిపిస్తుంది. ఇంజను అశ్వసామర్థ్యం ఎంతో చెబుతారు. ఎంత పెట్రోలు పడుతుందో చెబుతారు. ఇంజనుకూ ప్రొపెల్లరుకూ నడుమ నుండే పళ్ళచక్రాల అమరిక, అనగా రిడక్షన్ గేరు, ఊసెత్తరు. ఇది చిన్న లోపం కాదు.

ఇంజను తేలికగా ఉండి ఎక్కువ శక్తినివ్వాలంటే వడిగా తిరగాలి. ప్రొపెల్లరు మాత్రం పెద్దదై, నెమ్మదిగా తిరిగి, ఎక్కువ గాలిని కొద్ది వేగంతో వెనుకకు నెట్టినపుడే ఇంధనం ఆదా అవుతుంది. రెక్కల కొనలు ధ్వనివేగాన్ని సమీపిస్తే శక్తి వృథా అవుతుంది. ఈ పొత్తు కుదిర్చేది గేరే.

1944లో ఇంగ్లండు నుండి బెర్లిను దాకా బాంబరులకు తోడు వెళ్ళి తిరిగివచ్చిన మస్టాంగు విమానాన్ని చూడండి. దాని మెర్లిన్ ఇంజను గరిష్ఠవేగం నిమిషానికి 3000 చుట్లు. ప్రొపెల్లరు వ్యాసం సుమారు 3.4 మీటర్లు. సూటిగా బిగిస్తే రెక్క కొన సెకనుకు 534 మీటర్ల వేగంతో తిరగాలి. సముద్రమట్టం వద్ద ధ్వనివేగం సుమారు 340 మీటర్లే! గేరు నిష్పత్తి 0.479 కనుక ప్రొపెల్లరు 1437 చుట్లే తిరుగుతుంది. కొనవేగం 256 మీటర్లకు దిగుతుంది.

అయితే గేరే సర్వస్వమనడం కూడ పొరపాటే. 1927లో లిండ్‌బర్గు న్యూయార్కు నుండి పారిసుకు 33 గంటలకు పైగా ఆగకుండా ఎగిరిన విమానంలో గేరు లేదు. ఆ ఇంజను తిరిగే వడి తక్కువ, అందుచేత ప్రొపెల్లరును సూటిగానే బిగించారు. గేరు శక్తిని పుట్టించదు; వేగాన్ని తగ్గించి త్రిప్పే బలాన్ని పెంచుతుంది. పైగా దానికి బరువున్నది. రాపిడివల్ల కొంతశక్తి వేడిగా పోతుంది. లాభం ఈ నష్టాన్ని మించినపుడే దానికి చోటు.

ఈ ఆలోచన కొత్తది కాదు. రైటు సోదరులు 1903లోనే ఇంజను వైపు 8 పళ్ళ చక్రాన్ని, ప్రొపెల్లరు వైపు 23 పళ్ళ చక్రాన్ని గొలుసుతో కలిపారు. 2016లో ప్రయాణికుల సేవలో ప్రవేశించిన ప్రాట్ అండ్ విట్నీ గేరు టర్బోఫానులో కూడ ముందరి పంకా వేగాన్ని, దానిని త్రిప్పే టర్బైను వేగంలో సుమారు మూడోవంతుకు తగ్గించేవి పళ్ళచక్రాలే.

సైకిలులో పెద్దచక్రం చిన్నదానిని త్రిప్పుతుంది; ఇక్కడ చిన్నది పెద్దదానిని త్రిప్పుతుంది. ఉపాధ్యాయులు ఈ ఒక్క భేదం చూపి, పై లెక్కను పిల్లలచేత చేయిస్తే, పళ్ళచక్రాల నిష్పత్తి పరీక్షకే పరిమితమైన పాఠంగా మిగలదు.