చలక నేలకు తేలిక సైకిల్

జడ్చర్ల చౌరస్తా నుంచి ఏ వైపు పోయినా, తారు రోడ్డు దిగితే చాలు, నేల మారిపోతుంది. ఎర్ర చలక, మొరం బాటలు, గుండ్రాళ్ళు, గట్ల వెంట సర్కారు తుమ్మ. గుట్టలు పెద్దవేం కావు గానీ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. క్రాస్‌కంట్రీ సైకిల్ తొక్కడానికి ఇంతకన్నా ఏం కావాలి? చిక్కల్లా బండితోనే. చౌకలో దొరికే గేర్ల సైకిల్ 14 నుంచి 16 కిలోలు తూగుతుంది. తేలికది కావాలంటే ధర లక్ష దాటుతుంది. మధ్యలో మిగిలిన దారి ఒక్కటే, సొంతంగా కూర్చుకోవడం.

అసలు మౌంటెన్ బైకు పుట్టిందే అలా. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 1970లలో కొందరు కుర్రాళ్ళు, పారేసిన పాత ష్విన్ సైకిళ్ళకు ఏవేవో భాగాలు బిగించి కొండ దిగేవాళ్ళు. వెనక చక్రంలోని బ్రేకు వేడెక్కి గ్రీజు కాలిపోయేది, కిందికి చేరాక మళ్ళీ నింపుకోవాలి. 1976లో అక్కడ పోటీలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త ఫ్రేము కట్టాడు. కీత్ బాంట్రేగర్ అయితే రోడ్డు సైకిళ్ళ తేలిక రిమ్ములు కోసి, చిన్నగా చుట్టి అతికించాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో చేరిన ఆటకు మొదలు ఈ అతుకుల బండ్లే.

మన దగ్గర పాత 26 అంగుళాల అల్యూమినియం ఫ్రేము వెతకడం మంచిది. కొత్తవి ఎక్కువగా 29 వైపు పోయాయి కాబట్టి ఇవి చవక. కానీ ఒక మోసం ఉంది. టైరు మీద 26 అని ఉంటే సరిపోదు: 26 × 1⅜ టైరు కూర్చునే రిమ్ము 590 మిల్లీమీటర్లు, మౌంటెన్ బైకుది 559. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు.

మొదట తీసేయాల్సింది ముందరి స్ప్రింగు ఫోర్కు. చవక రకం రెండున్నర కిలోలు ఉంటుంది, పనిమాత్రం అంతంతే. క్రోమోలీ స్టీలు ఫోర్కు పెడితే దాదాపు కిలోన్నర దిగుతుంది. పొడవు మాత్రం పాతదానికి దగ్గరగా ఉండాలి, లేకపోతే ముందు భాగం కుంగి పెడళ్ళు రాళ్ళకు తగులుతాయి. తరువాత ముందు పళ్ళ చక్రాలు మూడింటిలో ఒక్కటే ఉంచి, గొలుసును వాటి మధ్య మార్చే డెరైల్యూర్, షిఫ్టర్, కేబులు తీసేయాలి. వెనక 11–42 పళ్ళ క్యాసెట్ ఉంటే మన గుట్టలకు ధోకా లేదు. తేలికతనం ముందు తీసేయడంలో దొరుకుతుంది, కొనడంలో తరువాత.

డబ్బు పెట్టాల్సిన చోటు చక్రాలు. వేగం అందుకునేటప్పుడు చక్రం అంచున ఉన్న వంద గ్రాములు ఫ్రేములో రెండు వందల గ్రాములతో సమానం. మాటిమాటికీ ఆగి కదిలే బాటలో ఇది తెలుస్తుంది. మడిచే రకం టైరు, పలుచని పుల్లలు 32 చొప్పున, అల్యూమినియం రిమ్ము. కూర్చడం సైకిల్ షాపులోనే చేయించుకోవచ్చు: చక్రం తిప్పుతూ సుద్దముక్క ఆనించి వంపు పట్టడం, పుల్లను మీటి బిగువు వినడం తెలిసిన చెయ్యి దొరికితే వదలకండి. ఈ పనికి మన చిన్న ఊళ్ళలో ఇచ్చే కూలి సిగ్గుపడేంత తక్కువ.

పలుచని టైరు మోజు మాత్రం ఇక్కడ చెల్లదు. పల్లేరుకాయ, తుమ్మముల్లు గ్రాములు చూడవు. ట్యూబ్‌లెస్ చేసి సీలెంటు పోయించండి. బరువు పెద్దగా తగ్గదు గానీ చిన్న ముల్లు దిగితే రంధ్రం తనంతట తానే పూడుకుంటుంది. ఎండాకాలం సీలెంటు త్వరగా గట్టిపడుతుంది కాబట్టి తరచూ చూసుకోవాలి.

బ్రేకులు, హ్యాండిలు, స్టెమ్ దగ్గర పొదుపు వద్దు. వాడిన కార్బన్ ఫ్రేము ఎంత చవకగా వచ్చినా వద్దు, లోపలి చీలిక కంటికి కనబడదు. మొత్తం 12 కిలోల దగ్గర తేలితే చాలు. అక్కణ్ణుంచి ఒక్క కిలో తగ్గించడానికయ్యే ఖర్చు అప్పటిదాకా పెట్టినదాన్ని మించిపోతుంది, ఆ డబ్బు దాచుకోండి.