మడి కట్టుకున్న మెయిన్

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ వాడేవాళ్లకి, ప్యాకేజీలు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో చెప్పే సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైలు పరిచయమే. అందులో వరుస చివర మెయిన్, కాంట్రిబ్, నాన్-ఫ్రీ అని ఉంటుంది. చాలాకాలం అవి ప్యాకేజీల పనితనానికి వేసిన మార్కులనుకున్నాను. కావు, లైసెన్స్ చూసి కేటాయించిన గదులు.

దీనికి మూలం డెబియన్ వాళ్లు 1997లో రాసుకున్న సోషల్ కాంట్రాక్ట్. ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అంటేనే మెయిన్‌లోకి ప్రవేశం. ఉచితంగా ఇస్తే చాలదు. "మంచికే వాడాలి, చెడుకి కాదు" అని ఒక్క ముక్క చేర్చినా గుమ్మం బయటే, నాన్-ఫ్రీలో.

నాకు జాలేసేది కాంట్రిబ్ మీద. మా అమ్మమ్మ మడి కట్టుకుని వండుతుంటే, స్నానం చేసి వచ్చినా సరే, చేతిలో బడిసంచీ ఉంటే మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. కాంట్రిబ్‌లో ఉన్నవి ఆ పిల్లలే. తమ లైసెన్స్ వరకు శుభ్రమే, పనిచేయడానికి పట్టుకున్న స్వేచ్ఛ లేని సరుకే మైల. మైక్రోసాఫ్ట్ వారి ఏరియల్ వగైరా ఫాంట్లను నెట్ నుంచి దింపిపెట్టే ఇన్‌స్టాలర్ ఉండేది అక్కడే. మన లోహిత్ తెలుగు మాత్రం ఓపెన్ ఫాంట్ లైసెన్స్ పుణ్యాన దర్జాగా మెయిన్‌లో కూర్చుంది.

ఈ మడి అయినవాళ్లనీ వదల్లేదు. ఈమాక్స్ ఎడిటర్ మెయిన్‌లో ఉంటే దాని మాన్యువల్ నాన్-ఫ్రీలో ఉంది! ఆ మాన్యువల్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి పుట్టిల్లయిన గ్నూ వాళ్లదే. కొన్ని భాగాలు ఎవరూ మార్చకూడదని షరతు పెట్టారు. అలాంటివి మెయిన్‌లో కుదరవని 2006లో డెబియన్ సభ్యులు ఓటేసి తేల్చారు.

ఈ పట్టింపు నాకూ తగిలింది. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ ఎక్కిస్తే వైఫై రాలేదు. దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ నాన్-ఫ్రీ కాబట్టి ఇన్‌స్టాలర్‌లో లేదు. ఫర్మ్‌వేర్ ఉంటేగానీ నెట్ రాదు, నెట్ వస్తేగానీ ఫర్మ్‌వేర్ దిగదు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదన్న సామెతే. చివరికి ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి గట్టెక్కాను.

2022లో ఈ ఫర్మ్‌వేర్ గొడవమీదా డెబియన్‌లో ఓటింగ్ జరిగింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఫర్మ్‌వేర్‌కి వేరే గది కట్టి, ఇన్‌స్టాలర్‌తోపాటే ఇచ్చారు. మడి సడలించారనేవాళ్లు అననీ. గుట్టుగా మెయిన్‌లో కలిపేయకుండా తలుపుమీద 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' అని రాసిపెట్టారు చూడండి, నాకు నచ్చింది అదే.

మీ సిస్టమ్‌లో డెబియన్ ఉంటే యూఎస్‌ఆర్‌లో షేర్, అందులో డాక్ ఫోల్డర్‌కి వెళ్లండి. ప్రతి ప్యాకేజీ పేరు కింద కాపీరైట్ అనే చిన్న ఫైలుంటుంది. ఈ వారం ఒక్కటైనా తెరిచి చదవండి.