చెట్టు పోయేలోపు ఒక అంటు

బంగినపల్లి పండు తిని టెంకను పెరట్లో పాతిపెడితే బంగినపల్లి చెట్టు రాదు. మొలక వస్తుంది, చెట్టూ అవుతుంది, ఏడెనిమిదేళ్లు ఓపిక పడితే కాపూ వస్తుంది. కానీ ఆ కాయ పీచుగా ఉండొచ్చు, పుల్లగా ఉండొచ్చు, టెంక పెద్దదై కండ పలచగా ఉండొచ్చు. మన మామిడి రకాల్లో చాలావాటికి టెంకలో ఒకే పిండం ఉంటుంది. తల్లి చెట్టు పూతకి ఈగలు ఎక్కడి నుంచో పుప్పొడి మోసుకొస్తే పుట్టిన పిండం అది. తల్లి గుణం ఎంత వచ్చిందో, అవతలి చెట్టు గుణం ఎంత వచ్చిందో కాయ కాసేదాకా తెలియదు. కేరళ తీరంలోని ఒలూర్, వెల్లైకొలంబన్ లాంటి రకాల టెంకలు మాత్రం ఒక్కొక్కటి నాలుగైదు మొలకలు వేస్తాయి, వాటిలో చాలావరకు తల్లి పోలికే. మన రసాలకూ బంగినపల్లికీ ఆ వెసులుబాటు లేదు.

అందుకే మనకున్న పాత మామిడి రకాల్లో దాదాపు ప్రతిదానికీ మూలం ఒకే ఒక్క చెట్టు. అది ఎక్కడో టెంక మొక్కగా లేచింది. ఎవరో దాని కాయ తిని, ఈ రుచి పోకూడదనుకుని, కొమ్మలు కోసి అంటు కట్టారు. ఆ అంటు నుంచి మరో అంటు, దాని నుంచి ఇంకొకటి. దసేరికి మూలమైన చెట్టును లక్నో దగ్గర దసేరి అనే ఊళ్లో ఇప్పటికీ చూపిస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి కూడా అలా చేయి మారుతూ వచ్చినదే. నూజివీడులో కాసినా, జగిత్యాలలో కాసినా, ప్రాణం ఒక్కటే. మధ్యలో ఏ తరం వారైనా కత్తి పక్కన పెట్టేసి ఉంటే ఆ రుచి అక్కడితో ఆగిపోయేది.

ఈ విద్య మనకు కొత్త కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదం మీద ఒక అధ్యాయమే ఉంది. ఒక చెట్టు కొమ్మను మరో చెట్టు వేరు మీదో కాండం మీదో నిలబెట్టి, అతుకుకు పేడ మెత్తాలని అందులో చెప్పాడు. పేడ పోయి పాలిథిన్ కాగితం వచ్చింది కానీ పని అదే. తూర్పు గోదావరిలో కడియం, కడియపులంక, బుర్రిలంక వైపు వెళ్తే నర్సరీ షెడ్ల నీడన వరసగా కూర్చుని రోజంతా అంటు కట్టేవాళ్లు కనిపిస్తారు. ఆ వేగం మనకు రాదు, పెరటికి అవసరమూ లేదు. తీరిగ్గా నాలుగు అంట్లు కట్టి రెండు బతికించుకోగలిగితే ఇంటికి చాలు.

పెరట్లో మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది టెంక అంటు. ఇందులో కింద వేరునిచ్చే మొక్క పెరిగేదాకా ఏడాది ఆగనక్కర్లేదు, లేత మొలకకే కట్టేయొచ్చు. జూన్‌లో నాటు మామిడి టెంకలు దొరికినన్ని పోగుచేసుకోవాలి. మామిడి టెంకకు ఆయుష్షు తక్కువ, నెల దాటితే మొలవడం కష్టం. నీళ్లలో వేసి, తేలినవి పారేసి, మునిగినవాటిని ఇసుకలో గానీ సంచుల్లో గానీ పెట్టుకోవాలి. మొలక లేచాక ఎనిమిది నుంచి పదిహేను రోజుల లోపు అంటు కట్టాలి. అప్పుడు కాండం, ఆకులు రాగి రంగులో ఉండి, గోరు గుచ్చితే దిగేంత లేతగా ఉంటాయి. ఆకు పచ్చబడిందంటే అదను తప్పినట్టే.

మొలక మీద కట్టే మంచి రకం పుల్ల ఎంపికలోనే సగం పని ఉంది. మూడు నాలుగు నెలల వయసున్న, కొసన ఉన్న కొమ్మ కావాలి. పూత వచ్చిన కొమ్మ వద్దు, నీడలో బక్కగా సాగిన కొమ్మ వద్దు. అంటు కట్టడానికి వారం పది రోజుల ముందే, కొమ్మ చెట్టుకు ఉండగానే, ఆకులు తుంచేసి తొడిమలు మాత్రం వదిలేయాలి. ఆకులకు పోవాల్సిన బలమంతా కొస మొగ్గలోకి చేరి అది ఉబ్బుతుంది. తొడిమలు ముట్టుకుంటే రాలిపోయే స్థితికి వచ్చాయంటే పుల్ల సిద్ధం. చాలామంది ఈ పది రోజులు ఆగలేరు. ఎవరింటికో వెళ్లి, పండు నచ్చి, అప్పటికప్పుడు కొమ్మ విరుచుకొచ్చి కట్టేస్తారు. అది ఎండిపోతే తమ చేతిలో గుణం లేదనుకుంటారు. తప్పు చేతిది కాదు, పుల్ల అప్పటికి సిద్ధంగా లేదు.

కట్టే పని నిజానికి నిమిషాల్లో అయిపోతుంది. మొలకను నేల నుంచి జానెడు లోపు ఎత్తులో అడ్డంగా కోసి, కోసిన చోట నడిమికి అంగుళన్నర లోతుగా చీలిక పెట్టాలి. పుల్ల అడుగును రెండు వైపులా అంతే పొడవున చెక్కి కలం పాళీలా చేయాలి. చెక్కడం ఒక్క కోతలో రావాలి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడించిన కోత గరుకుగా ఉండి, రెండు చెక్కల మధ్య గాలి నిలుస్తుంది. కోసిన ముఖాన్ని వేలితో తడమకూడదు. కత్తిని ముందుగా స్పిరిట్‌తో తుడవాలి. చెక్కిన పుల్లను చీలికలో దించి, వేలెడు వెడల్పు లేని పలచటి పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి బిగించి చుట్టాలి.

ఇక్కడ కంటికి దగ్గరగా పెట్టుకుని చూడాల్సింది ఒకటుంది. బెరడుకీ చెక్కకీ మధ్య తడిగా మెరిసే పలచటి పొర ఉంటుంది. కొత్త కణాలు పుట్టేది అక్కడే. పుల్లలోని పొర, మొలకలోని పొర ఒకదానికొకటి ఆనుకోవాలి. పుల్ల సన్నగా, మొలక లావుగా ఉంటే నడిమధ్య నిలబెట్టకుండా ఒక పక్కకి జరిపి, ఆ పక్కనైనా బెరడుకు బెరడు కలిసేలా చూడాలి. రెండు పక్కలా తప్పితే ఎంత బిగించి కట్టినా నీరు పైకి ఎక్కదు. కొబ్బరికీ అరటికీ అంటు కట్టలేకపోవడానికి కారణం కూడా ఇదే, వాటి కాండంలో ఆ పొర చుట్టూ వలయంగా ఉండదు.

కట్టాక మొక్కను నీడలో పెట్టి, పుల్ల మీద పాలిథిన్ తొడుగు వేస్తే మొగ్గ ఎండదు. మూడు నాలుగు వారాల్లో చిగురు కనబడుతుంది. ఆ తర్వాత అసలు జాగ్రత్త కింద నుంచి వచ్చే చిగుళ్ల గురించి. అతుకు కింద లేచేది నాటు చిగురు. దాన్ని ఎప్పటికప్పుడు గిల్లేయకపోతే అది పైకి లేచి, పైనున్న మంచి రకాన్ని ఎండగట్టేస్తుంది. ‘అంటు మొక్క తెచ్చి నాటితే పుల్లమామిడి అయింది’ అని నర్సరీని తిట్టుకునే ఇళ్లలో కొన్నింటి కథ ఇదే. నాటేటప్పుడు అతుకును మట్టిలో కప్పకూడదు. పూర్తిగా అతికాక పట్టీ విప్పాలి, లేకపోతే కాండం లావెక్కే కొద్దీ అది బిగుసుకుని కోసేస్తుంది. అంటు మొక్క మరుసటి ఏడే పూతకు రావొచ్చు, ఎందుకంటే పుల్లకు తల్లి చెట్టు వయసు ఉంటుంది. ఆశపడకుండా మొదటి రెండు మూడేళ్లు పూత తుంచేస్తేనే చెట్టు గట్టిపడుతుంది.

ఏడాది వయసున్న, పెన్సిలంత లావు మొక్క ఉంటే దాని పక్కన ఏటవాలుగా కోసి పుల్లను ఆనించి కట్టే వెనీర్ అంటు మంచిది. అది పట్టకపోయినా మొక్క చావదు, మళ్లీ కట్టుకోవచ్చు. రాయలసీమ మెట్ట నేలల్లోనైతే టెంకను నేలలోనే పెట్టి, మొక్కను కదపకుండా ఉన్నచోటే అంటు కట్టడం మేలు. తల్లివేరు తెగకుండా లోతుకు దిగుతుంది, ఎండకు తట్టుకుంటుంది.

మిగతా చెట్ల పద్ధతులు వేరు. బత్తాయికి రంగపూర్ నిమ్మ మొక్క బెరడును చీల్చి అందులో ఒక్క కన్నును దూర్చి కడతారు. సపోటాకు పాల మొక్క వేరు కావాలి. అది మెల్లగా పెరిగే మొక్క కాబట్టి దాన్ని కుండీతో సహా తల్లి చెట్టు కొమ్మ దాకా తీసుకెళ్లి, కొమ్మను కోయకుండానే రెండిటినీ చెక్కి కలిపి, రెండు మూడు నెలలు అలాగే ఉంచడం పాత పద్ధతి. జామకు, దానిమ్మకు కొమ్మకే వేళ్లు పుట్టించే అంట్లు సులువు. పెరడు చిన్నదైతే ఆమ్రపాలి, సంగారెడ్డి పరిశోధన కేంద్రం ఇచ్చిన మంజీర లాంటి పొట్టి రకాలు చూసుకోవచ్చు. ఒకే చెట్టు మీద కొమ్మకో రకం కట్టడం కూడా సాధ్యమే. మలిహాబాద్‌లో కలీముల్లాఖాన్ ఒకే మామిడి చెట్టు మీద మూడు వందలకు పైగా రకాలు కట్టారు, ఆయనకు 2008లో పద్మశ్రీ వచ్చింది. మనింట్లో ఉన్న ఒక్క చెట్టు మీదే ఊరగాయకు ఒక కొమ్మ, రసానికి ఒక కొమ్మ, కోసుకు తినడానికి ఒక కొమ్మ ఉంటే అంతకన్నా ఏం కావాలి?

అయితే బంగినపల్లి, సువర్ణరేఖ, చిన్నరసం గురించి నాకు దిగులు లేదు. వాటిని నర్సరీలు కాపాడుకుంటాయి. నా దిగులంతా పేరు లేని చెట్ల గురించి. ప్రతి ఊళ్లోనూ ‘ఫలానావాళ్ల దొడ్లో చెట్టు’ అని పిలిచే మామిడి ఒకటి ఉంటుంది. దాని కాయతో పెట్టిన ఆవకాయ ముక్క రెండో ఏడు కూడా మెత్తబడదు. లేదా దాని పండుకు జీలకర్ర వాసన వస్తుంది. అలాంటిది ఏ నర్సరీ జాబితాలోనూ ఉండదు. ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చినప్పుడో, రోడ్డు వెడల్పు చేసినప్పుడో ఒక పూటలో పోతుంది. టెంక దాచిపెట్టినంత మాత్రాన ఆ చెట్టు తిరిగిరాదు, దాని కొమ్మే కావాలి. కొట్టేసిన తర్వాత గుర్తొస్తే లాభం లేదు, వాడిన కొమ్మ అంటుకు పనికిరాదు.

మీకు తెలిసిన అలాంటి చెట్టు ఒకటైనా ఉంటుంది. ఈ ఏడు జూన్‌లో నాటు టెంకలు నాటండి. మొలకలు కనబడగానే ఆ ఇంటివాళ్లను అడిగి ఓ పది కొమ్మలకు ఆకులు తుంచి రండి. వారం పది రోజులు ఆగి వెళ్లి కోసుకొచ్చి కట్టండి. పట్టిన అంట్లలో ఒకటి వాళ్లకే ఇవ్వండి.