బొమ్మలో లేని మనుషులు

తూర్పు ఆఫ్రికాను గురించి మన విద్యార్థులకు ఏమి తెలుసునో కనుక్కోవటం కష్టం కాదు. కాగితమిచ్చి బొమ్మ గీయమంటే చాలు. గొడుగులాంటి తుమ్మచెట్టు, దానికింద సింహం, వెనక జిరాఫీ, ఇంకా వెనక నెత్తిన మంచుతో కిలిమంజారో. ఈ పరీక్ష నేను అనేక తరగతులకు పెట్టాను. బొమ్మలో మనిషిని వేసిన విద్యార్థి అరుదు. వేసినా ఆ మనిషి జీపులో ఉంటాడు, చేతిలో కెమెరా ఉంటుంది.

పిల్లలను అని లాభం లేదు. వాళ్లకు చెప్పిన పాఠమే అట్లా ఉంది. ముందు నైసర్గిక స్వరూపం, తరవాత శీతోష్ణస్థితి, ఆ తరవాత జంతుజాలం, గంట కొట్టే వేళకు ప్రజలు. చరిత్ర మరో పుస్తకంలో, మరో ఉపాధ్యాయుడి చేతిలో ఉంటుంది. అందులో తూర్పు ఆఫ్రికా 1498లో వాస్కోడగామా ఓడ మొంబాసాలోనూ మాలిందీలోనూ ఆగినప్పుడు కనిపించి, ఆ ఓడ కాలికట్టు చేరగానే మాయమవుతుంది. ఈ విభజన బోధనా సౌకర్యం కోసమంటారు. అది ఎవరి సౌకర్యమో కాస్త విచారించటం అవసరం.

సెరెంగెటిని తీసుకుందాం. ఆ పేరు మాసాయి భాషలో అంతులేని మైదానమనే మాటనుంచి వచ్చిందని చాలా పుస్తకాలు చెపుతాయి. పేరు పెట్టినవాళ్లు ఏమయ్యారో చెప్పే పుస్తకాలు చాలా తక్కువ. ప్రపంచం మనస్సులో సెరెంగెటి బొమ్మను ముద్రించినవాడు ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాల అధిపతి బెర్నార్డ్ గ్రిజిమెక్. ఆయన, ఆయన కొడుకు మైఖేల్, జీబ్రా చారలు వేసిన చిన్న విమానంలో ఆ మైదానంమీద ఎగురుతూ మృగాలను లెక్కపెట్టారు. 1959 జనవరిలో విమానం కూలి మైఖేల్ చనిపోయాడు. ఆ ఏడే విడుదలైన వాళ్ల చిత్రం, "సెరెంగెటి చావకూడదు", ఆస్కార్ బహుమతి పొందింది.

ఇది నిజాయితీగల చిత్రమే. గ్రిజిమెక్ వేటను విలాసంగా చేసుకున్న దొరలను ఏవగించుకున్నాడు. నమ్మినదానికోసం కన్నకొడుకును పోగొట్టుకున్నాడు. అతణ్ణి దొంగ అనటం తేలిక, కాని తప్పు. అతని లోపం అతను ఎక్కిన ఎత్తులో ఉంది. విమానంలోంచి చూసేవాడికి మందలు కనిపిస్తాయి గాని, ఏ నెలలో ఏ గడ్డిమీదికి ఎవరు పశువులను తోలతారో, ఏ నెలలో ఎందుకు తోలరో కనిపించదు. జాతీయవనంలో మనుషులెవరూ ఉండరాదనీ, స్థానికులు కూడా ఉండరాదనీ అతని సిద్ధాంతం. ఆ చిత్రం వచ్చిన 1959లోనే మాసాయిలను సెరెంగెటినుంచి పక్కనున్న న్గోరోంగోరోకు తరలించారు. వెళ్లిపోతామన్న ఒప్పందంపై పెద్దలచేత 1958లోనే వేలిముద్రలు వేయించుకున్నారు.

అదే 1959లో, అదే న్గోరోంగోరో ప్రాంతంలో, ఓల్డువాయ్ లోయలో మేరీ లీకీకి పదిహేడున్నర లక్షల ఏళ్లనాటి మానవజాతి బంధువు పుర్రె దొరికింది. దగ్గరిలోనే లేటోలీలో 1978లో ముప్ఫయ్యారు లక్షల ఏళ్లకిందట బూడిదలో పడిన అడుగుజాడలు బయటపడ్డాయి. మనిషి పుట్టిన తావుల్లో ఇదొకటని చరిత్ర పుస్తకం చెపుతుంది. మనిషి కాలుపెట్టని ఆదిమ ప్రకృతి అని భూగోళ పుస్తకం చెపుతుంది. రెండు పుస్తకాలూ ఒకే సంచీలో మోస్తున్న విద్యార్థికి అనుమానం రాకపోవటమే మన చదువుల ఘనత!

ఆ "ఆదిమ ప్రకృతి" ఎట్లా తయారైందో చూడాలి. 1880ల చివర ఇటలీ సైన్యం ఎర్రసముద్ర తీరంలో దిగినప్పుడు, ఆ సైన్యంకోసం దిగుమతి చేసిన పశువులతో రిండర్‌పెస్ట్ ఆఫ్రికాలోకి వచ్చింది. ఆ పశువులు ఇండియానుంచి వెళ్లినవని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మన రైతులు ముసరవ్యాధి అన్నది దీన్నే. 1891 నాటికి అది మాసాయి భూములను తుడిచిపెట్టింది. 1897కు దక్షిణాగ్రం చేరింది. అనేక చోట్ల నూటికి ఎనభై తొంభై పశువులు చచ్చాయి. పాడిమీద బతికే జనం, పాడి పోతే ఏం తిని బతుకుతారు? కరువు వచ్చింది, మశూచి వచ్చింది. 1892లో న్గోరోంగోరో చేరిన తొలి యూరోపియను ఆస్కార్ బౌమన్ చూసింది ఆస్థిపంజరాలవంటి మనుషులను. మాసాయి జనంలో మూడింట రెండు వంతులు నశించి ఉంటారని అతని అంచనా. తరవాత వచ్చిన యూరోపియన్లకు ఖాళీ మైదానం కనిపించింది. అది ఎప్పుడూ ఖాళీయే అనుకున్నారు. అట్లా అనుకోవటం వాళ్లకు లాభసాటి కూడా.

పశువులు లేక, మేసే నోరు లేక, తగలబెట్టే చెయ్యి లేక, చాలాచోట్ల గడ్డినేల పొదలు పట్టింది. పొదల్లో సెట్సీ ఈగ చేరింది. ఈగవల్ల అతినిద్ర వ్యాధి వచ్చింది, మిగిలినవాళ్లు ఊళ్లు ఖాళీ చేశారు. ఖాళీ అయిన ఊళ్లలో మృగాలు చేరాయి. హెల్గె క్యెక్సుస్ 1977లో రాసిన గ్రంథంలో ఈ వరసంతా విప్పి చూపాడు. వలసపాలనకు ముందున్న కాలాన్ని అతను మరీ అందంగా చిత్రించాడన్న విమర్శ న్యాయమైనదే. అయినా అతను అడిగిన ప్రశ్న మిగిలే ఉంది: ఈ అడవి ముందునుంచీ అడవేనా?

తరవాతి కథ ఇంతకంటె చిత్రమైనది. రిండర్‌పెస్ట్ ఇళ్లపశువులనుంచి అడవిమృగాలకు అంటుతూ, ఏటా వైల్డ్‌బీస్ట్ దూడలను చంపుతూ వచ్చింది. 1950లనుంచి చుట్టుపక్కల పశువులకు టీకాలు వేశారు. 1963 నాటికి వైల్డ్‌బీస్టులలో జబ్బు కనిపించకుండా పోయింది. 1960ల మొదట్లో రెండున్నర లక్షలున్న మంద 1970ల చివరకు సుమారు పదమూడు లక్షలయింది. మంద పెరిగితే గడ్డి తరిగింది; ఎండుగడ్డి తరిగితే మంటలు తగ్గాయి; మంటలు తగ్గితే చెట్లు పెరిగాయి; చెట్లమీద జిరాఫీలు బతికాయి. టెలివిజనులో మన పిల్లలు నోరు తెరుచుకుని చూసే ఆ మహాప్రస్థానం వెనక పశువుల కాపరుల కొట్టాలలో వేసిన టీకా ఉంది! 2011లో ఆ జబ్బు భూమిమీదనే లేకుండా పోయిందని ప్రకటించారు. ఒక్క రోగం కథ పట్టుకుంటే నేల, గడ్డి, మృగం, మనిషి, సైన్యం, విజ్ఞానం అన్నీ ఒక్క పాఠంలోకి వస్తాయి.

టీకా వేయించుకున్న పశువుల యజమానులకు దక్కిందేమిటి? అగ్నిపర్వతాల బూడిద పడిన దక్షిణ మైదానంలో పొట్టిగడ్డి పెరుగుతుంది. కింద గట్టి పొర ఉండటంవల్ల చెట్లు వేళ్లు దింపలేవు. ఆ గడ్డిలో సున్నమూ భాస్వరమూ పుష్కలం. అందుకే వైల్డ్‌బీస్ట్ ఈనటానికి అక్కడికే వస్తుంది. అయితే దాని దూడలనుంచి ఒక జ్వరం అంటి ఆవులు చస్తాయి. ఏ పశువైద్యుడూ చెప్పకముందే మాసాయిలకు ఇది తెలుసు. ఈతకాలంలో ఆవులను మెట్టమీదికి తోలుకుపోతారు. మంద అయిదింతలయ్యేసరికి మేలైన మేత వాళ్లకు అందకుండా పోయింది. విమానంలోంచి కనిపించనిది ఇదే.

ఇక్కడ మన పక్షంవారితో నాకొక పేచీ ఉంది. మన అధ్యాపకులలో కొందరు ఆఫ్రికా పాఠమంటే బెర్లిన్ సమావేశం, బానిసవ్యాపారం, విముక్తి పోరాటాలు చెప్పి ఊరుకుంటారు. సింహాలూ ఏనుగులూ బూర్జువా విహారయాత్రికుల సరుకు అని వాళ్ల ఉద్దేశం. ఇదీ ఆ పాత విభజనే, తలకిందులు చేసి నిలబెట్టారు. మృగాన్ని చరిత్రలోకి తీసుకురాకపోతే దాన్ని శత్రువుకు అప్పగించినట్టే. 1896లో జర్మన్ పాలకుడు విస్మన్ తూర్పు ఆఫ్రికాలో వేటచట్టం చేశాడు. లైసెన్సు రుసుము కట్టగలవాడు వేటగాడు, కట్టలేనివాడు దొంగ. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, ఆయన కొడుకు కలిసి 512 జంతువులను చంపారు. దానికి "సఫారీ" అన్న పేరు ప్రసిద్ధమయింది. స్వాహిలీలో సఫారీ అంటే ప్రయాణం, అంతే. ఉల్లిపాయలు కొనుక్కురావటానికి పట్నం వెళ్లినా సఫారీయే.

త్సావో సింహాల కథ మన విద్యార్థులకు తెలుసు. 1898లో మొంబాసానుంచి విక్టోరియా సరస్సుకు రైలుదారి వేస్తుండగా రెండు సింహాలు కూలీలను తిన్నాయి. పాటర్సన్ అనే ఇంజనీరు వాటిని కాల్చి, 1907లో పుస్తకం రాశాడు. ఆ తోళ్లు చికాగో మ్యూజియంలో ఇప్పటికీ సింహాలుగా నిలబడి ఉన్నాయి. పాటర్సన్ తన పుస్తకంలో లెక్కవేసిన భారతీయ కూలీలు 28 మంది. తరవాత తన లెక్కను తనే పెంచుకున్నాడు. ఆ రైలుదారికి ఒప్పందంమీద తీసుకుపోయిన భారతీయులు సుమారు 32,000 మంది, ఎక్కువమంది పంజాబీలు. జబ్బులతో, ప్రమాదాలతో చచ్చినవాళ్లు సుమారు 2,500 మంది. సింహం నోట పడినవాడికి పుస్తకమూ సినిమా కూడా ఉన్నాయి. మలేరియాతో, విరేచనాలతో పోయినవాడికి సమాధి కూడా ఉందో లేదో! ఈ రెండు అంకెలు నల్లబల్లమీద పక్కపక్కన వేసి ఊరుకోండి. తరగతిలో ఎవరో ఒకరు అడగక మానరు.

దక్షిణాన మరొక పేరుంది, సెలూస్. 1905లో జర్మన్లు బలవంతంగా పత్తి వేయించినందుకు రైతులు తిరగబడ్డారు. మంత్రించిన నీళ్లకు తూటాలు కరిగిపోతాయని కింజికితిలే అనే ప్రవక్త చెప్పాడు. నీళ్లను స్వాహిలీలో మాజి అంటారు కనక అది మాజి మాజి తిరుగుబాటయింది. అతణ్ణి ఉరితీశారు. పంటలు తగలబెట్టి కరువు సృష్టించి 1907కు తిరుగుబాటు అణచారు. చచ్చినవాళ్లు డెబ్భయ్యయిదు వేలనుంచి మూడు లక్షల దాకా ఉంటారని వివిధ అంచనాలు. ఆ నిర్జనమైన నేలలో చాలా భాగం 1922లో మృగరక్షణ ప్రాంతమయింది. దానికి పెట్టిన పేరు ఏనుగుల వేటగాడూ రోడ్స్ సైన్యానికి దారి చూపినవాడూ అయిన సెలూస్‌ది. 2019లో దానిలోనుంచి పెద్ద భాగం విడదీసి నైరేరే జాతీయవనం అన్నారు. పేరు మారటం మంచిదే.

అయితే నైరేరే విషయంలోనూ పాఠం నిజం చెప్పాలి. 1961లో స్వాతంత్ర్యానికి ముందే మృగసంరక్షణకు మాట ఇచ్చినవాడు ఆయనే. సామ్యవాదం ప్రకటించిన ఆయన ప్రభుత్వ కాలంలోనే, 1975లో, న్గోరోంగోరోలో సేద్యం నిషేధించారు. విదేశీమారకం అవసరం సామ్యవాదికీ ఉంటుంది. 2022 జూన్‌లో లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లకు సరిహద్దురాళ్లు పాతుతుంటే మాసాయిలు అడ్డుకున్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ విమానంలోంచి చూసిందే సరిహద్దురాయి అయింది. మన నల్లమల చెంచులకు ఈ కథ వింతగా ఉండదు. అది వేరే వ్యాసం.

ఇట్లాంటి పాఠం చెప్పటం సాధ్యమా అంటే, చెప్పినవాళ్లున్నారు. 1968లో దారెస్సలాం విశ్వవిద్యాలయ కళాశాల విద్యార్థులు తమ తమ ప్రాంతాలకు పోయి, మాజి మాజి తిరుగుబాటును ఎరిగిన ముసలివాళ్ల నోటిమాటలు రాసుకొచ్చారు. అంతకుముందు ఆ తిరుగుబాటుకు ఆధారం ఎక్కువగా జర్మన్ కాగితాలే. విద్యార్థి పాఠం వినేవాడుగా మాత్రమే ఉండక, పాఠానికి ఆధారం సంపాదించేవాడయ్యాడు. 1967లో నైరేరే ప్రచురించిన స్వావలంబన విద్యాపత్రం వెనకటి చదువును ఎంత దుయ్యబట్టిందో అందరూ ఉదహరిస్తారు. ఈ పిల్లల నోటుపుస్తకాల ముందు ఆ పత్రం చిన్నదని నా అభిప్రాయం.

మనం దారెస్సలాం పోనక్కరలేదు. అనంతపురం జిల్లా తరగతిలో కొంగ్వా వేరుశెనగ పథకం చెప్పి చూడండి. 1947లో బ్రిటిష్ ప్రభుత్వం టాంగన్యీకాలో ముప్ఫై లక్షల ఎకరాల వేరుశెనగ వేయబూనింది. వాన చాలలేదు, ఎండకు బంకమట్టి ఇటికలా బిగిసి కాయ భూమిలోనుంచి ఊడిరాలేదు. 1951కి పథకం మూతపడింది, సుమారు 3 కోట్ల 60 లక్షల పౌండ్లు మట్టిలో కలిశాయి. ఎక్కడ తప్పు జరిగిందో మెట్టరైతు కొడుకుకు వివరించనక్కరలేదు, వాడే వివరిస్తాడు. ఆ తరవాత, ఆ నేలను ఎరిగిన గోగో పశుపాలకులను ఎందుకు అడగలేదు అన్న ప్రశ్న వాడినుంచే వస్తుంది. అక్కడినుంచి సెరెంగెటికి దారి దగ్గర.

పెద్దతరగతులవారికి అబ్దుల్‌రజాక్ గుర్నా "ప్యారడైజ్" నవల ఇవ్వవచ్చు. 1994లో వచ్చింది, రచయితకు 2021లో నోబెల్ బహుమతి వచ్చాక మనవాళ్లు పేరు విన్నారు. అప్పుకింద తండ్రి తాకట్టుపెట్టిన ఒక కుర్రాడు వర్తకుల బిడారుతో లోపలి దేశానికి పోతాడు. దారిలో అడవీ ఉంది, మృగమూ ఉంది. అంతకంటె భయంకరంగా బాకీలున్నాయి, చివరకు జర్మన్ సైన్యం ఉంది. భారతీయ వర్తకులూ ఉన్నారు, వాళ్లు మరీ మంచివాళ్లేమీ కారు. నవల చదివాక పటం తెరిచి ఆ కుర్రాడు నడిచిన దారిని వెతకమనండి. తరవాత ఆ మొదటి బొమ్మను మళ్లీ గీయమనండి.