మందు మాన్పించే మందు: మన విడుదల సాక్ష్యాలపై ఒక విమర్శ

తెలుగులో ‘మందు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వైద్యుడు రాసిచ్చేదీ మందే, వైన్‌షాపులో దొరికేదీ మందే. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే అలవాటు మన సాక్ష్యాలలోకి కూడా వచ్చింది. త్రాగుడు నుండి విడుదల పొందిన సహోదరుని సాక్ష్యం మన సంఘాలలో తరచుగా వినబడేదే. దాని రూపం దాదాపు స్థిరపడిపోయింది. ఇల్లు గుల్లయిన సంవత్సరాలు, ఒక స్వస్థత కూటం, ఒక రాత్రి కన్నీటి ప్రార్థన, మరునాటి నుండి చుక్క ముట్టకపోవడం. చివర ఒక వాక్యం తప్పక చేరుతుంది: ఒక్క మాత్ర కూడా మింగలేదని. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఆ చివరి వాక్యాన్నే. ప్రభువు కొందరిని అలా విడిపించాడనే సంగతిని మేము శంకించడం లేదు. మాత్ర లేకపోవడమే కృపకు రుజువన్నట్టు వినేవారికి తోచేలా చెప్పడంతోనే మాకు పేచీ.

ఈ ధోరణికి వాక్యాధారంగా ఎక్కువగా చూపేది రాజైన ఆసా ఉదంతం (2 దినవృ. 16:12). పాదాలలో జబ్బు పుట్టినప్పుడు అతడు యెహోవాను వెదకక వైద్యులను ఆశ్రయించాడు గనుక వైద్యం అవిశ్వాసమని ప్రసంగం సాగుతుంది. వచనాన్ని అధ్యాయం నుండి ఊడబెరికితేనే ఆ అర్థం వస్తుంది. వెదకుట అనే భావమున్న హెబ్రీ క్రియ ‘దరష్’ దినవృత్తాంతముల గ్రంథకర్తకు ప్రియమైన మాట. రాజులను అతడు తూచే త్రాసు అదే. ఈ అధ్యాయం మొదట్లో ఆసా మందిరపు వెండి బంగారాలను సిరియా రాజైన బెన్హదదుకు పంపి సహాయం కొనుక్కున్నాడు, గద్దించిన దీర్ఘదర్శి హనానీని చెరలో వేయించాడు. జబ్బులో కూడా అతడు దేవుని వెదకలేదని గ్రంథకర్త ఫిర్యాదు. ఆ ‘కూడా’ను మనం ప్రసంగాలలో మింగేస్తున్నాం. వెదకకపోవడమే అక్కడి నేరం.

హిజ్కియా సంగతి చూడండి (2 రాజులు 20). 15 సంవత్సరాల ఆయుష్షు వాగ్దానం ముందు వచ్చింది, అంజూరపు పండ్ల ముద్ద తరువాత వచ్చింది. వాగ్దానం దొరికాక ముద్దతో పనేమిటని యెషయా అనలేదు. 1 తిమోతి 5:23 గతి మరీ విచిత్రం. త్రాగే విశ్వాసులు తమ సీసాను సమర్థించుకోవడానికి ఆ వచనాన్ని వాడతారు. వారిని ఖండించే తొందరలో మనం అందులోని అసలు సంగతిని జారవిడుస్తున్నాం. తిమోతి కడుపు జబ్బుకు ఆనాటి వైద్యానికి తెలిసిన పదార్థాన్ని, కొంచెమేనని మోతాదుతో సహా, అపొస్తలుడు సూచించాడు. యాకోబు 5:14లోని నూనె కేవలం వైద్యమేనని కొందరు ‘అలెయిఫో’ అనే గ్రీకు క్రియను బట్టి వాదిస్తారు. ఆ క్రియ అంత బరువు మోయలేదని మా అభిప్రాయం. ఆ వాదన అవసరం కూడా లేదు.

ఇక మన ప్రార్థన మందిరాలలో జరుగుతున్నదానికి వద్దాం. ఏళ్ళ తరబడి రోజూ త్రాగినవాని మెదడు ఆ మత్తుకు ఎదురు నిలిచేలా తనను తాను సర్దుకొని ఉంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ ఎదురు ఉద్రేకానికి అడ్డు ఉండదు. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి కలుగుతుంది. వణుకు, జ్వరం, చెమటలు, ఎక్కడున్నదీ తెలియకపోవడం, లేని పురుగులు, పాములు కనబడడం దాని లక్షణాలు. చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారు పెద్ద సంఖ్యలో వచ్చారు. అదే మనిషిని కాపరి దగ్గరకు తీసుకొస్తే? మూడవ రోజున గోడ మీద పాములున్నాయని కేకలు వేసేవానిని చూసి దయ్యం పట్టిందనుకోవడం చాలా సులభం. అతనిని నీళ్ళు కూడా ముట్టని ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడితే అపాయం ఇంకా పెరుగుతుంది. దీర్ఘకాలం త్రాగినవారిలో చాలామందికి థయమిన్ అనే బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. ఆ కొరత మెదడును శాశ్వతంగా దెబ్బతీయగలదు. ఆసుపత్రిలో ఇచ్చే క్లోర్‌డయజిపాక్సైడ్ మాత్రలు, థయమిన్ సూదిమందు ఆ కొద్ది రోజులను దాటించడానికే. ఉపవాసం అవసరమనిపిస్తే సంఘం చేయాలి, రోగి చేత చేయించకూడదు.

మానిన తరువాత మళ్ళీ పడిపోకుండా తోడ్పడే మందులు వేరు. వాటిలో పాతది డైసల్ఫిరామ్. డెన్మార్క్ పరిశోధకులు హాల్డ్, జేకబ్‌సన్ 1940ల చివర దీనిని వెలుగులోకి తెచ్చారు. మద్యం శరీరంలో విరిగేటప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్‌ను ఇది పేరుకుపోనిస్తుంది. గనుక ఈ మాత్ర మీద త్రాగినవానికి ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. వేదాంత విద్యార్థి ఇక్కడ ఒకటి గమనించాలి. ఈ మాత్ర ఆశను తీసివేయదు, శిక్షను దగ్గరకు తెస్తుంది. రోమా 7లో ధర్మశాస్త్రం చేయగలిగినదీ చేయలేనిదీ గుర్తుకు వస్తుంది. పోలికను ఎక్కువ దూరం లాగవద్దు గాని, భయంతో ఆగినవాడు మాత్ర మానేసి త్రాగగలడన్నది వైద్యులకూ తెలిసిన సంగతే. నాల్‌ట్రెక్సోన్ తీరు వేరు. మెదడులోని ఓపియాయిడ్ గ్రాహకాలను అడ్డుకొని త్రాగడంలోని హాయిని, దానితోపాటు ఆశను తగ్గిస్తుంది. అమెరికాలో దీనికి 1994లోను, అకాంప్రొసేట్‌కు 2004లోను అనుమతి లభించింది. 2023లో ‘జామా’ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 118 ప్రయోగాలను కలిపి చూసింది. దాని లెక్కలో, రోజుకు 50 మి.గ్రా. నాల్‌ట్రెక్సోన్ 11 మందికి ఇస్తే అదనంగా ఒకరు విపరీతమైన త్రాగుడుకు తిరిగి పోకుండా ఉంటారు. అకాంప్రొసేట్ 11 మందికి ఇస్తే అదనంగా ఒకరు అసలు త్రాగకుండా నిలుస్తారు. దీనిని అద్భుతమనలేం, వ్యర్థమనీ అనలేం. కాలేయం, మూత్రపిండాల స్థితిని చూసి ఏది తగునో వైద్యుడే చెప్పాలి.

స్త్రీల కూటాలలో గుసగుసగా సాగే సలహా ఒకటుంది. భర్తకు తెలియకుండా డైసల్ఫిరామ్‌ను కూరలో కలిపి పెట్టమని. ఆ సహోదరి నిస్సహాయతను తేలికగా చూడలేం. కాని తెలియక తిన్నవాడు సాయంత్రం మామూలుగా త్రాగితే ప్రాణానికే ముప్పు. ఈ సలహా మాత్రను వద్దనే సంఘాలలోనే సాగడం గమనార్హం. వేదిక మీద నిషిద్ధమైనది వంటింట్లోకి దొంగచాటుగా చేరుతుంది.

ఒక బానిసత్వానికి బదులు మరొకటా అని అడిగేవారున్నారు. క్లోర్‌డయజిపాక్సైడ్ విషయంలో ఆ భయం సమంజసమే, అందుకే దానిని కొద్ది రోజులకే ఇస్తారు. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ అలవాటు పడే మందులు కావు. 1935లో ఆరంభమై, దేవునిపై ఆధారపడడాన్నే పునాదిగా చేసుకున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా తన సభ్యులెవరూ వైద్యుని పాత్ర వహించరాదని హెచ్చరిస్తుంది. మన కాపరులకు ఆ మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన 37 మందిలో కొందరి భార్యలు ముందుగా తలుపు తట్టేది కాపరి ఇంటినే.

మాత్ర మనిషి అప్పులు తీర్చదు, కొట్టిన చేతిని క్షమించమని భార్యను అడగదు, సాయంత్రం ఆరు గంటలకు పాత స్నేహితులు పిలిస్తే అడ్డు నిలవదు. అక్కడ సంఘానికి చాలా పని ఉంది. అయితే నీతిమంతునిగా తీర్చబడడం ఒక్క క్షణంలో జరిగినా పరిశుద్ధీకరణ ఏళ్ళు పడుతుందని తరగతిలో బోధించే మనం, త్రాగుడు విషయంలో మాత్రం రెండింటినీ ఒకే రాత్రికి కుదించేస్తున్నాం. అందుచేత రెండుసార్లు జారి, మూడవసారి మాత్రల సాయంతో నిలబడినవానికి చెప్పుకోదగిన సాక్ష్యం లేకుండా పోతోంది. అంతకంటే ఘోరం, ఆదివారం ఆ చివరి వాక్యం విని సోమవారం తన మాత్రలు పారవేసేవాడు. అతడు మళ్ళీ త్రాగితే విశ్వాసం చాలలేదని అతని మీదే నింద వేస్తాం. సాక్ష్యం ఇప్పించే కాపరి ముందుగా ఆ సహోదరునితో కూర్చొని, మాత్రలు, ఆసుపత్రి, జారిన రోజులు కూడా చెప్పమని కోరవచ్చు. మాత్ర లేకుండా విడుదల పొందినవాడు ఆ సంగతిని తన కృతజ్ఞతగా చెప్పవచ్చు, కొలబద్దగా చెప్పనక్కరలేదు.

మరొక చిన్న విషయం. డైసల్ఫిరామ్ వాడేవారికి కొద్దిపాటి మద్యం కూడా పడదు, మాత్ర ఆపిన రెండు వారాల వరకు కూడా. పులిసిన ద్రాక్షారసం వాడే సంఘాలలో ప్రభువు బల్ల దగ్గర అలాంటివారికి పులియని రసం ఉన్న గిన్నె ఒకటి ముందుగానే సిద్ధం చేసి, ఎవరికోసమో ప్రకటించకుండా ఉంచడం మంచిది.