నరముమీద నరము ఎక్కునా?

తిరుపతినుండి చెన్నైకి పోవు దారిలో నున్న పుత్తూరు పేరు చెప్పగానే ఎముకల కట్టు జ్ఞప్తికి వచ్చును. విరిగిన కాలును, చేతిని సరిచేసి, ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన పట్టించి, వెదురుదబ్బలు పెట్టి గుడ్డతో కట్టుట ఇచ్చటి పద్ధతి. ఇట్టిచోట మెడ పట్టినవారు సైతము మొదట కట్టునే తలచుటలో వింత లేదు. అయినను మెడ వేరు, కాలుసేతులు వేరు. మెడనొప్పిని గూర్చి మనలో వ్యాపించిన కొన్ని నమ్మకములను పరిశీలింతము.

మెడలో 7 కశేరుకలు కలవు. పొడుగు మెడ గల జిరాఫీకిని అవి ఏడే. సుమారు 5 కిలోల బరువు గల తలను ఇవి మోయుచున్నవి. మొదటి రెంటి నడుమ తప్ప, తక్కినవాని నడుమ డిస్కులను మెత్తని బిళ్ళలు కలవు. కశేరుకల నడిమి కాలువలో వెన్నుపాము దిగుచున్నది. దానినుండి మెడభాగమున 8 జతల నాడులు వెడలుచున్నవి. కశేరుకల ప్రక్క రంధ్రములగుండ రెండు ధమనులు మెదడునకు రక్తమును గొనిపోవుచున్నవి.

మెడ పట్టగానే “నరముమీద నరము ఎక్కినది” అందురు. నాడులు తమ స్థానము విడిచి ఒకదానిపై నొకటి ఎక్కవు. ఎక్కువసార్లు అది కండరములు బిగిసికొనుటయో, చిన్న కీళ్లు నొచ్చుటయో అగును. నాడి నొక్కుకొనిపోవుట వేరు సంగతి. అప్పుడు నొప్పి చేతిలోనికి ప్రాకును. తిమ్మిరి, బలహీనత కలుగవచ్చును.

“ఎముక అరిగినది, ఇక నొప్పి పోదు” అనునది రెండవ అపోహ. జపాను దేశమున ఏ బాధయు లేని 1,211 మంది మెడలను ఎం.ఆర్‌.ఐ. యంత్రముతో పరీక్షించి, 2015లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 87.6 శాతమునకు డిస్కులు ఉబ్బియున్నవి. కనుక చిత్రములో కనబడిన ప్రతి మార్పును నొప్పికి కారణము కాదు. జుట్టు నెరసినట్లే ఇవియు వయస్సుతో వచ్చు మార్పులు కావచ్చును.

సెల్‌ఫోనుపై వంగిన మెడమీద 27 కిలోల బరువు పడునను మాట నేడు తరచుగా వినబడుచున్నది. అది 2014లో ప్రకటింపబడిన ఒక గణిత నమూనాలోని లెక్క. నొప్పిని కొలిచిన ఫలితము కాదు. బ్రెజిలు దేశమున 150 మంది యువజనులను పరీక్షించి 2018లో ప్రకటించిన పరిశోధనలో, అట్లు వంగుటకును మెడనొప్పికిని సంబంధము కనబడలేదు. గంటలకొలది కదలక కూర్చుండుట మంచిదని దీని యర్థము కాదు. ఏ భంగిమయైనను నడుమనడుమ మార్చవలెను.

క్షౌరశాలలో మెడను చటుక్కున త్రిప్పించుకొనుట మాత్రము నిజముగా భయపడదగిన అలవాటు. ఆ చప్పుడు ఎముక తన చోట కూర్చున్న గుర్తు కాదు; కీలులోని ద్రవమున వాయువుతో కూడిన బుడగ యేర్పడుటవలన అట్టి చప్పుడు వచ్చును. బలముగా త్రిప్పినపుడు పైని చెప్పిన ధమని లోపొర చిరిగి, రక్తము గడ్డకట్టి, పక్షవాతము వచ్చుట కలదు. అది అరుదే. అయినను కొన్ని దినములలో తగ్గు నొప్పికి అంతటి అపాయమును కొని తెచ్చుకొననేల?

ఇక కట్టు సంగతి. విరిగిన ఎముక కదలకున్నచో దానంతట అదియే అతుకుకొనును. కదలనీయకుండుటయే కట్టు చేయు ముఖ్యమైన మేలు. మామూలు మెడనొప్పిలో విరిగినది ఏదియు లేదు. వైద్యుని సలహా లేక పలుదినములు కట్టుగాని, పట్టీగాని వేసికొన్నచో కండరములు బలహీనపడును. కాపడము, మెల్లగా మెడను కదుపుట, నిత్యపనులు మానకుండుట మేలు. ప్రమాదములో మెడ నిజముగా విరిగినచో దానిని ఎవరును చేతితో సరిచేయబూనరాదు. వెన్నుపాము తెగినచో కాలుసేతులు శాశ్వతముగా పడిపోవచ్చును. తలను కదలనీయక 108కి ఫోను చేయవలెను.

మరి ఈ చికిత్సలతో నయమైనదని ఇందరు చెప్పుచున్నారే యని ప్రశ్నింపవచ్చును. క్రొత్తగా వచ్చిన మెడనొప్పి చాలమందికి కొన్ని దినములలోనో వారములలోనో దానంతట అదియే తగ్గును. నొప్పి మిక్కుటమైన నాడే మనము చికిత్సకు పోదుము. కనుక ఏమి చేసినను తరువాత తగ్గినట్లే తోచును. కీర్తి కడపట చేసినవానికి దక్కును. చికిత్స పొందినవారిని, పొందనివారిని పోల్చి చూచినగాని నిజము తేలదు. ఉపాధ్యాయులు ప్రయోగములలో పోలిక యొక్క ఆవశ్యకతను బోధించునపుడు ఈ ఉదాహరణము చక్కగా పనికివచ్చును.

అన్ని నొప్పులును ఉపేక్షింపదగినవి కావు. జ్వరముతో మెడ బిగిసికొన్నను, కాలుసేతులు పట్టుతప్పినను, మలమూత్రములపై అదుపు పోయినను, నొప్పితో చెమటలు పోసి ఆయాసము కలిగినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. వారములు గడచినను తగ్గని నొప్పిని వైద్యునకు చూపవలెను. ఈ గుర్తులను విద్యార్థులు ఇంటివద్ద పెద్దలకు తెలిపినచో, ఒక్క ప్రాణమైనను నిలువవచ్చును.